ఉప్పు తూకం, ఊట మట్టం

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్లకి వినపడుతోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, మైకులోకి గాలి కొడుతోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ఈ బల్ల మీద మూడు గాజు సీసాలున్నాయి. మూడింట్లోనూ ఉన్నది క్యాబేజీ, ఉప్పు, అంతే. నీళ్ల చుక్క పోయలేదు, వెనిగర్ పోయలేదు, నూనె లేదు, కారం లేదు. ఎడమ పక్కది పొద్దున పెట్టింది. ఇంకా పచ్చగానే ఉంది, వాసన చూస్తే పచ్చి క్యాబేజీయే. మధ్యది నాలుగు రోజులది. సీసా గోడని అంటిపెట్టుకుని చిన్న చిన్న బుడగలున్నాయి చూడండి, ఊట కూడా కాస్త మబ్బు పట్టింది. కుడి పక్కది పాతది, ఫ్రిజ్‌లోంచి తీసుకొచ్చాను. పచ్చదనం పోయి లేత గడ్డి రంగుకి తిరిగింది. మూత తీస్తాను ఉండండి. వచ్చిందా వాసన? ముందు వరసలో మొహాలు చూస్తే తెలుస్తోంది. (నవ్వులు) ఇందులో పులుపు నేను వేసింది కాదు. మరి ఎక్కడినుంచి వచ్చిందన్నదే ఇవాళ చెప్పబోయేది.

ముందు మనకి తెలిసిన పచ్చళ్ల సంగతి చూద్దాం. ఆవకాయకి పులుపు మామిడికాయే తెచ్చుకుంటుంది. చింతకాయ పచ్చడికి చింతకాయే తెచ్చుకుంటుంది. ఉసిరి, నిమ్మ, దబ్బ, అన్నీ పుట్టుకతో పుల్లనివే. వాటికి మనం చేసేదల్లా ఉప్పు దండిగా వేసి, పైన నూనె తేలేలా చూసి, జాడీకి వాసెన గట్టి, పురుగూ బూజూ రాకుండా కాపాడటం. మాగాయ ముక్కల్ని ఉప్పులో మూడు రోజులు ఊరేసి, పిండి ఎండబెట్టి, ఊటని కూడా ఎండలో పెట్టేది నీటిని తగ్గించడానికే. అందుకే మన ఇళ్లలో తడి గరిటె అంటే అంత భయం. తడి చెయ్యి జాడీలో పెడితే అమ్మమ్మలు ఊరుకుంటారా?

క్యాబేజీకి, క్యారెట్‌కి, దొండకాయకి ఆ పులుపు లేదు. ఉప్పు వేసి నూనె పోసినంత మాత్రాన అవి నిలవుండవు. వాటిని పుల్లబరచాలి. పుల్లబరిచేవాళ్లని మనం బజార్లో కొనక్కర్లేదు, ఆకు మీదే ఉంటారు. పొలం నుంచి, మట్టి నుంచి, గాలి నుంచి వచ్చి ప్రతి రెబ్బ మీదా కూర్చున్న బ్యాక్టీరియా. వాటికి కావలసింది తడి. కాబట్టి ఆవకాయ నియమాలు తెచ్చి దీనికి పెట్టకండి. ఇక్కడ ఎండబెట్టడం లేదు, తడికి భయపడటం లేదు, ఉప్పు దండిగా వెయ్యడం అసలే లేదు. ఈ తేడా మనసుకి పట్టక మనవాళ్లు చాలామంది మొదటిసారి క్యాబేజీలో ఆవకాయ లెక్కన ఉప్పేసి, నోట్లో పెట్టుకోలేక పారబోస్తారు. బాగా ఉప్పు పడ్డ చోట ఆ బ్యాక్టీరియా కూడా మెదలదు.

అలాగని ఇదేదో మనకి తెలియని విద్య అనుకోకండి. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగుతుందే, ఆ పొంగుకి ముఖ్య కారణం ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా. పేరు పెద్దది, రాసుకోనక్కర్లేదు. ఈ బల్ల మీద మధ్యనున్న సీసాలో బుడగలు తెప్పించేది కూడా అదే. మినప్పప్పు మీదా అదే, క్యాబేజీ మీదా అదే. పాత రోజుల్లో కోస్తా ఇళ్లలో వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. గంజీ, అన్నం కడిగిన నీళ్లూ అందులో చేరి పుల్లబడేవి, ఆ నీళ్లలో అన్నం నానేసుకుని తెల్లారి తినేవాళ్లు. అదీ ఈ పనే. చల్ల మిరపకాయలు కూడా చూడండి. గాటు పెట్టిన మిరపకాయలు రాత్రంతా ఉప్పేసిన పుల్లమజ్జిగలో, పగలంతా ఎండలో. అందులో పులుపు మజ్జిగది. క్యాబేజీకి మజ్జిగ కూడా అక్కర్లేదు.

సీసా లోపల జరిగేది చెప్తాను. తరిగిన క్యాబేజీకి ఉప్పు రాసి పిసికితే ఆకులోని నీరు బయటికొస్తుంది. క్యాబేజీలో నూటికి తొంభై పాళ్లకి పైగా నీరే, కాబట్టి బయటినుంచి పోయనక్కర్లేదు. ఆ నీటితో పాటు ఆకులోని చక్కెర కూడా వస్తుంది. నూటికి రెండు పాళ్ల ఉప్పుంటే కుళ్లబెట్టే రకాలు చాలావరకు తగ్గుతాయి, మనకి కావలసిన రకం తట్టుకుంటుంది. మొదట పని మొదలుపెట్టేది ఇందాక చెప్పిన ఇడ్లీ పిండి తాలూకు బ్యాక్టీరియా. అది చక్కెర తిని లాక్టిక్ ఆమ్లం, కాస్త ఎసిటిక్ ఆమ్లం, బొగ్గుపులుసు వాయువు తయారుచేస్తుంది. ఆ వాయువే ఈ బుడగలు. అది పైకి పోతూ సీసాలో ఉన్న గాలిని కూడా నెట్టేస్తుంది. తీరా పులుపు పెరిగేసరికి ఆ పులుపు దానికే పడదు, తగ్గిపోతుంది. అప్పుడు ఇంకా పులుపు తట్టుకునే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ లాంటివి పగ్గాలు తీసుకుంటాయి. అవి వచ్చాక బుడగలు తగ్గి పులుపు ముదురుతుంది. పాలు పుల్లబడటం వెనక సూక్ష్మజీవి ఉందని 1857లో లూయీ పాశ్చర్ రాసేదాకా ఇదంతా ఎవరికీ తెలీదు. తెలీకుండానే లోకమంతా వందల ఏళ్లు ఊరబెట్టుకు తిన్నారు.

సరే, చేతిపనికి వద్దాం. అమ్మా, ఆ క్యాబేజీ ఇలా ఇవ్వండి.

పైన రెండు ఆకులు తీసి పక్కన పెట్టండి, పారేయకండి, పని ఉంది. మిగతాది మామూలుగా ఒకసారి కడిగితే చాలు. ఉప్పు, వెనిగర్ నీళ్లలో గంటలు నానబెట్టొద్దు. పురుగుందని అనుమానముంటే రెబ్బలు విప్పి చూడండి. నాలుగు చెక్కలు చేసి, మధ్య మొద్దు తీసి, కత్తిపీట మీద సన్నగా తరగండి. మరీ దారాల్లా వద్దు, మెత్తబడిపోతుంది. రెండు రూపాయల బిళ్ల మందం ఉంటే చాలు. ఇప్పుడు తరిగింది తూచాలి. ఇదిగో, 800 గ్రాములు. నూటికి రెండు పాళ్లంటే 16 గ్రాముల ఉప్పు. కిలోకి 20 అని గుర్తుపెట్టుకోండి, ఎండాకాలం 25 దాకా వెళ్లండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఉప్పు చెంచాతో కొలవొద్దు. తూచండి. మెత్తటి ఉప్పు ఒక టీచెంచా తలకట్టుగా తీస్తే ఆరు గ్రాముల దాకా తూగుతుంది. గళ్లుప్పు అదే చెంచాతో తీస్తే అంత రాదు, పలుకు పెద్దదైన కొద్దీ ఇంకా తగ్గుతుంది. పక్కింటావిడ చెప్పిన నాలుగు చెంచాలకీ మీ ఇంట్లో నాలుగు చెంచాలకీ పొంతన లేకపోవడానికి కారణం ఇదే. ఆవకాయలో గిద్దెడు అటూ ఇటూ అయినా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఉప్పు ఎలాగూ ఎక్కువ. ఇక్కడ నూటికి ఒకటైతే మెత్తగా జావవుతుంది, నూటికి అయిదైతే పులుపు ఎక్కడానికి పదిహేను రోజులు ఏడిపిస్తుంది. బజార్లో వంటింటి త్రాసు కొన్ని వందల్లో వస్తుంది. ఈ పనికి ఏదైనా కొనాలంటే అదొక్కటి కొనండి.

అయొడిన్ ఉప్పు వేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుందని విన్నానంటారు. మన ఇంటికి చేరే ఉప్పులో అయొడిన్ పది లక్షల పాళ్లలో 15 పాళ్లు ఉండాలని నియమం. అంత కొంచెం వీటిని ఏమీ చెయ్యదు, ఊరుతుంది. ఉప్పు గడ్డ కట్టకుండా కలిపే పొడుల వల్ల ఊట కాస్త మసకబారొచ్చు, అంతే. నాకైతే గళ్లుప్పు ఇష్టం. నౌపడ ఉప్పో, చినగంజాం ఉప్పో, మీకు దొరికింది తెచ్చుకోండి. ఇసుక లేకుండా చూసుకోండి, కాస్త దంచుకోండి.

ఇప్పుడు పిసకడం. బేసిన్‌లో వేసి, ఉప్పు చల్లి, ముందు పది నిమిషాలు వదిలేయండి. మీరు పక్కన కాఫీ తాగి వచ్చేసరికి సగం పని ఉప్పే చేసి ఉంటుంది. తర్వాత రెండు చేతులా పిండి కలిపినట్టు గట్టిగా పిసకండి. మొదట చేతికి గుచ్చుకుంటూ, బేసిన్ నిండా లేచి ఉంటుంది. ఇదిగో, ఇప్పుడు చూడండి, సగానికి సగం కుంగిపోయింది, రెబ్బ అద్దంలా మెరుస్తోంది. గుప్పిట్లోకి తీసి నొక్కితే ధార కారుతోంది కదా, అదీ గుర్తు. ధార కట్టేదాకా ఆపకండి. కావాలంటే అల్లం తురుము, జీలకర్ర, రెండు పచ్చిమిరపకాయ చీలికలు ఇప్పుడే కలపొచ్చు. మొదటిసారి మాత్రం ఉత్తదే పెట్టండి, దాని రుచి తెలియాలి.

సీసాలోకి కొంచెం కొంచెంగా వేస్తూ పప్పుగుత్తితో అదమండి. నిజంగా ఇంతకంటే మంచి పనిముట్టు ఎవరూ కనిపెట్టలేదు. విదేశాల్లో దీనికోసమే ప్రత్యేకంగా చెక్క రోకళ్లు అమ్ముతారు, చూస్తే మన పప్పుగుత్తికి తమ్ముడిలా ఉంటుంది. అదిమిన కొద్దీ లోపలి గాలి బుడగలుగా పైకొచ్చి, ఊట పైకి తేలుతుంది. సీసాని మూతిదాకా నింపకండి, నాలుగు వేళ్ల ఎడం వదలండి. ఇందాక పక్కన పెట్టిన పై ఆకుని గుండ్రంగా మడిచి పైన కప్పండి. దాని మీద బరువు. బరువంటే ఏదో అనుకునేరు, ఇదిగో ఈ చిన్న గాజు గ్లాసు. మూత పెడితే గ్లాసుని మూతే కిందికి నొక్కుతుంది. గ్లాసు పట్టకపోతే చిన్న జిప్ కవరులో ఉప్పునీళ్లు నింపి పెట్టండి. ఉత్త నీళ్లు వద్దు, కారితే ఊట పల్చబడుతుంది. రాయి పెట్టాలనుకుంటే నున్నటి గ్రానైట్ ముక్క బాగా మరిగించి పెట్టండి. నాపరాయి ముక్క మాత్రం వద్దు. మన కడప బండలూ, తాండూరు బండలూ సున్నపురాయి జాతివి. పులుపు తగిలితే కరుగుతాయి, పులుపునీ చంపేస్తాయి. అనుమానముంటే రాయి మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి, నురగ వచ్చిందంటే పక్కన పెట్టేయండి.

రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్లో ఊరబెట్టకూడదు. గాజు సీసా, పింగాణీ జాడీ మంచివి. జాడీ లోపల మెరుగు పగిలి ఉంటే వాడకండి. వాయువు బయటికి పోయే గొట్టాలున్న మూతలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, ఉంటే సుఖమే, లేకపోతే లోటేం లేదు. మామూలు మూత వదులుగా పెట్టి, సీసా కింద పళ్లెం పెట్టండి, రెండో రోజుకి ఊట పొర్లుతుంది. మూత బిగించేసి ఊరెళ్లొద్దు. మా మేడ మీద వాళ్లు అలా బిగించి పెళ్లికి వెళ్లొచ్చేసరికి అలమర నిండా గాజు పెంకులు. మొదటి మూడు నాలుగు రోజులు పొద్దునా సాయంత్రం ఒకసారి మూత తీసి పెట్టండి. బుస్సుమంటుంది, వినడానికి బాగుంటుంది.

ఇక పెట్టాక చూడవలసింది ఒక్కటే, ముక్క ఊటలో మునిగి ఉందా లేదా. బూజుకి గాలి కావాలి. మన బ్యాక్టీరియాకి అక్కర్లేదు. ఊట కింద ఉన్నది పుల్లబడుతుంది, పైకి తేలినది బూజు పడుతుంది. ఒక్క రెబ్బ గ్లాసు పక్కనుంచి పైకొచ్చి అతుక్కుని ఉన్నా బూజు దాని మీదే మొదలవుతుంది. రోజూ మూత తీసినప్పుడు అది చూసి తోసేయండి. ఊట తగ్గితే ఒక కప్పు నీళ్లకి, అంటే 250 గ్రాములకి, 5 గ్రాముల ఉప్పు కలిపి పోయండి.

ఎన్ని రోజులు? ఇక్కడే మన వాళ్లు మోసపోయేది. ఇంటర్నెట్‌లో నాలుగు వారాలు, ఆరు వారాలు అని ఉంటుంది. అది చలి దేశాల లెక్క. క్యాబేజీకి 18 నుంచి 22 డిగ్రీలు హాయి. అక్కడ వంటిళ్లు అలాగే ఉంటాయి, నిదానంగా ఊరుతుంది, రుచి కూడా పొరలు పొరలుగా వస్తుంది. అమెరికాలో ఉన్న మా మేనకోడలు మూడు వారాలు బయట ఉంచుతుంది, దానికి అది సరే. బెజవాడలో ఆ లెక్కన ఉంచితే చెంచాతో తాగాల్సి వస్తుంది. ఈ మాఘమాసంలో మనకి అయిదారు రోజులు. ఏప్రిల్ వచ్చాక రెండు మూడు రోజులు చాలు, తర్వాత ఫ్రిజ్. ఫ్రిజ్‌లో కూడా మెల్లిగా పుల్లబడుతూనే ఉంటుంది, నెలల తరబడి నిలవుంటుంది. మే నెలలో, నలభై డిగ్రీల ఎండల్లో, నన్నడిగితే క్యాబేజీ జోలికి పోవద్దంటాను. మామిడికాయలుండగా క్యాబేజీ ఎందుకు? (నవ్వులు) పెట్టాలనుకుంటే పగలు బేసిన్‌లో నీళ్లు పోసి అందులో సీసా నిలబెట్టి, తడిగుడ్డ చుట్టండి. ఎండలో పెట్టొద్దు. మూడో రోజు నుంచి రోజూ చిటికెడు తీసి తినండి. మీ నాలుకకి ఎప్పుడు నచ్చితే అప్పుడే అయినట్టు.

ముక్కలుగా ఊరబెట్టేవాటి పద్ధతి వేరు. క్యారెట్, దొండకాయ, కాలీఫ్లవర్, పచ్చి టమాటా, కీర, వీటిని పిసికితే నీరు రాదు కదా. ఉప్పునీరు పోయాలి. లెక్క తేలిక. ఖాళీ సీసాని త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. ముక్కలు వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, మొత్తం తూకం చూడండి. కిలో వచ్చిందనుకోండి, నూటికి మూడు పాళ్ల లెక్కన 30 గ్రాముల ఉప్పు. నీళ్లలో మాత్రమే లెక్కేస్తే ముక్క కూడా ఉప్పు పీల్చుకుని పల్చబడుతుంది, అందుకని మొత్తం మీద లెక్కేయాలి. ఆ నీళ్లు వంచి, ఉప్పు కరిగించి, మళ్లీ పోయండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన గట్టిగా ఉంటే మరిగించి చల్లార్చండి.

దొండకాయ నిలువునా నాలుగు చీలికలు చేసి, వెల్లుల్లి రెండు రేకలు, ఎండుమిరపకాయ వేసి ఊరేయండి. నా మటుకు నాకు మన కూరగాయల్లో దానికి సాటి లేదు, కరకర పోదు. కీరకి ఉప్పు ఇంకాస్త, నాలుగు పాళ్లు. పువ్వు రాలిన కొన వైపు కొంచెం కోసేయాలి, ముక్కని మెత్తబరిచే ఎంజైములు అక్కడే ఉంటాయి. ముల్లంగి బాగానే ఊరుతుంది కానీ మూత తీసినప్పుడు ఇంట్లోవాళ్లు ఏమంటారో మీ ఇష్టం. బీన్స్ పచ్చివి వద్దు, ఒక ఉడుకు రానిచ్చి చల్లారాక వేయండి. ఒకసారి ఉడికిన వాటి మీద బ్యాక్టీరియా మిగలదు కనక పక్కన పచ్చి క్యారెట్ ముక్కలు తోడుగా ఉండాలి. వంకాయతో నాకు పడలేదు, నల్లబడి గుజ్జవుతుంది.

ఉత్తరాదిన హోలీ ముందు నల్ల క్యారెట్‌తో కాంజీ పెడతారు. క్యారెట్, బీట్‌రూట్ ముక్కలు, నీళ్లు, ఉప్పు, ఆవపిండి, కారం. నాలుగైదు రోజులు ఎండలో పెడితే పుల్లగా, ఘాటుగా ముక్కులోకి ఎక్కే పానకంలా తయారవుతుంది. అది ముక్కల కోసం కాదు, నీళ్ల కోసం. మన దగ్గర నల్ల క్యారెట్ దొరకదు కానీ మామూలు క్యారెట్, ఒక బీట్‌రూట్‌తో చక్కగా వస్తుంది. ఆవపిండి మనకి కొత్తా? సిక్కిం, డార్జిలింగ్ వైపు, నేపాల్‌లో ఇంకో చిత్రం. అసలు ఉప్పే వెయ్యకుండా ఆవ ఆకు, ముల్లంగి ఆకు వాడబెట్టి, కుక్కి, గాలి తగలకుండా పుల్లబరిచి, ఎండబెట్టి దాచుకుంటారు. గుండ్రుక్ అంటారు. ఉప్పు లేకపోయినా నడుస్తుందంటే గాలి ఆడనివ్వకపోవడం ఎంత ముఖ్యమో చూడండి. కొరియాలో చలికాలం ముందు ఊరు ఊరంతా కలిసి కిమ్చి, అంటే వాళ్ల ఊరేసిన క్యాబేజీ, పెట్టుకోవడాన్ని యునెస్కో 2013లో మానవజాతి వారసత్వాల్లో చేర్చింది. మన ఇళ్లలో ఆవకాయ రోజులెలాగో వాళ్లకి అది అలాగ.

ఇంగ్లండు నావికుడు కెప్టెన్ కుక్ కథ ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1768లో ఆయన ఎండెవర్ ఓడ మీద బయల్దేరినప్పుడు పీపాల కొద్దీ ఊరేసిన క్యాబేజీ ఎక్కించాడు. తాజా కూరలు లేక చిగుళ్లు ఉబ్బి రక్తం కారే స్కర్వీ జబ్బు ఆ రోజుల్లో నావికుల్ని పొట్టన పెట్టుకునేది. క్యాబేజీలో సి విటమిన్ ఊరినా చాలావరకు మిగులుతుంది, ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలీదు, అనుభవం మీద నమ్మకం. నావికులేమో ముట్టుకోలేదు. బలవంతం చెయ్యకుండా రోజూ అధికారుల బల్ల మీద వడ్డించమన్నాడు, మిగతావాళ్లు తింటే తినండి, మానితే మానండి అన్నాడు. వారం తిరక్కుండా మనిషికింత అని పంచాల్సి వచ్చిందని ఆయనే దినచర్యలో రాసుకున్నాడు. ఇంట్లో పిల్లలు తినరని చెప్పే తల్లులు ఇది గమనించాలి.

పాడైందని ఎలా తెలుస్తుంది? ఊట మీద తెల్లగా, పల్చగా, ముడతలు పడ్డ పొర వస్తే అది ఒక రకం ఈస్టు. ప్రమాదం లేదు, రుచి చెడగొడుతుంది, చెంచాతో తీసేసి ముక్క మునిగేలా చూడండి. పత్తిలా, నూగుగా, నల్లగానో పచ్చగానో నీలంగానో లేస్తే అది బూజు. పై పొర తీసేసి కింది భాగం తినొచ్చనే వాళ్లున్నారు. నేను మొత్తం పారేస్తాను. యాభై రూపాయల క్యాబేజీ కోసం ఆ బేరం ఎందుకు? గులాబీ రంగు వస్తే ఉప్పు సరిగ్గా కలవలేదని, ఒకచోట ఎక్కువ పడిందని అర్థం, అదీ పారేయాల్సిందే. జిగురు సాగినా, కుళ్లు కంపు కొట్టినా అంతే. ఘాటైన పులుపు వాసనకీ, మురుగు వాసనకీ తేడా మీ ముక్కు చెబుతుంది.

కంటికీ ముక్కుకీ తెలియనిది ఒకటుంది, బాట్యులిజం, అంటే తిండిలో విషం చేరి వచ్చే జబ్బు. ఆ విషం చేసే బ్యాక్టీరియాకి గాలి లేని చోటు కావాలి, పులుపు పడదు. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గిన కొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 4.6 కంటే దిగితే ఆ బ్యాక్టీరియా పెరగదు. సరిగ్గా ఊరిన క్యాబేజీ మూడున్నర దగ్గర ఉంటుంది కాబట్టి నిశ్చింతగా తినొచ్చు. భయమైతే పీహెచ్ కాగితాలు మందుల సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి, ముంచి చూసుకోండి. అసలు భయపడాల్సింది ఇంకోచోట. పుల్లబడని పచ్చి వెల్లుల్లిని ఉత్త నూనెలో ముంచి, ఫ్రిజ్ బయట దాచే అలవాటు ఈ మధ్య వచ్చింది. 1985లో కెనడాలో వాంకూవర్‌లో అలాంటి సీసా వెల్లుల్లి వల్లే చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. మన వెల్లుల్లి ఆవకాయకి ఆ భయం లేదు, అందులో మామిడి పులుపూ, ఉప్పూ ఉన్నాయి. నూనె ఒక్కటే కాపాడుతుందనుకోవడమే తప్పు.

ఇక ప్రశ్నలు. చీటీలు చాలా వచ్చాయి, కొన్నే చదువుతాను.

"పెరుగు తేట తోడేస్తే త్వరగా ఊరుతుందా?" తోడు అక్కర్లేదమ్మా. పెరుగులోవి పాలకి అలవాటు పడ్డ జాతులు, ఆకు మీదవి ఆకుకి అలవాటు పడ్డవి. ఉన్నవాళ్లని పని చేసుకోనివ్వండి.

"బీపీ ఉన్నవాళ్లు తినొచ్చా?" లెక్క మీరే వేసుకోండి. రోజు మొత్తం మీద ఉప్పు 5 గ్రాములకి లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇందులో 50 గ్రాములు తింటే ఒక గ్రాము ఉప్పు. ఆవకాయ కంటే చాలా నయం, అయినా ఉప్పు ఉప్పే. ఆ పూట కూరలో తగ్గించుకోండి. కీమో జరుగుతున్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు డాక్టర్ని అడక్కుండా తినొద్దు. దీంతో షుగర్ పోతుంది, మోకాళ్ల నొప్పులు పోతాయి అని వాట్సాప్‌లో వచ్చేవాటికి నేను జవాబు చెప్పను.

"ఎంగిలి చెంచా పెడితే?" తడి చెంచా పెట్టండి, ఎంగిలిది వద్దు.

"మా ఆయనకి పోపు లేందే ముద్ద దిగదు." పెట్టండి, ఎవరొద్దన్నారు? గిన్నెలోకి ఆ పూటకి కావలసినంత తీసుకుని, ఆవాలు, ఎండుమిరప, ఇంగువ వేయించి, పోపు పూర్తిగా చల్లారాక కలపండి. వేడిది పోస్తే బ్రతికున్న బ్యాక్టీరియా పోతుంది, కరకరా పోతుంది. పెరుగన్నంలో నంజుకోవడానికి మహా బాగుంటుంది. సీసాలో మాత్రం పోపు వెయ్యకండి.

ఆఖరు చీటీ. "ముక్కలైపోయాక మిగిలిన ఊట పారబోయాలా? మళ్లీ వాడొచ్చా?" పారబోయకండి. కానీ కొత్త సీసాలో పోయొద్దు. అందులో మిగిలినవన్నీ ముదురు పులుపు జాతులు. మొదట రావలసిన ఇడ్లీ పిండి బ్యాక్టీరియాకి చోటివ్వవు. త్వరగా పుల్లబడుతుంది గానీ ముక్క మెత్తగా, రుచి ఒంటి రుచిగా వస్తుంది. దాన్ని చారులోకి వాడుకోండి. చింతపండు సగం తగ్గించి, ఉప్పు కూడా తగ్గించి, చారు పొయ్యి మీంచి దించాక గరిటెడు ఊట పోసి మూత పెట్టండి. రుచి చూశాకే మిగతా ఉప్పు. సరే, ఇంక ముందు వరస వాళ్లు ఒక్కొక్కరుగా రండి, చెంచాలు ఆ పళ్లెంలో ఉన్నాయి. ముందు మధ్య సీసా, తర్వాత కుడి పక్కది.